వరసల పాఠం – 4: నాన్న బావ, అమ్మ బావ

పోయిన పాఠం చివరి ప్రశ్న చాలామందిని తికమక పెట్టింది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న మేనల్లుడు, మేనకోడలి సంగతి వాయిదా వేసి దీన్నే తేల్చుకుందాం. ప్రశ్న ఇదీ: మీ నాన్నమ్మ పుట్టిల్లు పాలకొండ. అక్కడ ఆవిడ సొంత అన్నగారికి ఒక కొడుకు. ఆ కొడుకు పిల్లలు మీకేమవుతారు?

“అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు” అని రాసినవాళ్లే ఎక్కువ. కారణం కూడా రాశారు: “నాన్నా మగే, ఆయనా మగే. కాబట్టి పిల్లలు తోబుట్టువుల లెక్క.” సూత్రం మంచిదే, కానీ అది తోబుట్టువులకీ, తోబుట్టువుల వరసవాళ్లకీ పుట్టిన పిల్లలకే సరిపోతుంది. ఇక్కడ నాన్నా, పాలకొండ ఆయనా అన్నదమ్ములు కారు. ఆయన నాన్నకి మేనమామ కొడుకు, అంటే బావో బావమరిదో. కాబట్టి మనకు మావయ్య. మావయ్య పిల్లలు బావలు, బావమరుదులు, వదినలు, మరదళ్లు. వరస పూర్తిగా మారిపోయింది.

అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆడా మగా అన్నది మాత్రమే చూసి వరస కట్టే జనం కూడా లోకంలో ఉన్నారు. అమెరికాలోని ఇరాక్వా తెగల పద్ధతి అదే. 1871లో అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ వాళ్ల వరసల్నీ మన తెలుగు, తమిళ వరసల్నీ పట్టికలు వేసి, రెండూ దాదాపు ఒకటేనన్నారు. అసలు తేడా ఇలా అమ్మానాన్నల బావలు, వదినల పిల్లల దగ్గరే ఉందని 1964లో మరో మానవశాస్త్రవేత్త ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ విడమరిచారు. మీరు రాసిన జవాబు ఆ పద్ధతిలో సరైనదే. మన ఇళ్లలో మాత్రం కుదరదు.

మరి మన పద్ధతి? నేను వంశవృక్షం గీయను. మూడు తరాలు దాటితే కాగితం నిండా గీతలే, వరస మాత్రం కనబడదు. ఒక్క ప్రశ్న అడుగుతాను: ఆ మనిషి మీ నాన్నకి, లేదా మీ అమ్మకి, ఏ వరస? నాన్నకి చెల్లెలు వరసైతే మనకు అత్త. అమ్మకి అక్క వరసైతే పెద్దమ్మ. అక్కడి నుంచి పిల్లల వరస మీకు తెలిసిందే. అయితే పిలుపుని చూసి వరస అనుకోకండి. మన ఊళ్లలో పక్కింటాయనా బావే, పాలు పోసే ఆయనా మావే. అది ఊరి వరస. అది ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు చిక్కు. “అమ్మ వైపు మగవాళ్లంతా మావయ్యలే” అని ఎవరు నేర్పారో గానీ, ప్రతిసారీ ఇదే పొరపాటు వస్తోంది. చీపురుపల్లిలో మీ అమ్మమ్మ తమ్ముడి కొడుకు ఉన్నాడనుకోండి. అమ్మకంటే పెద్ద. అమ్మకి బావ వరస. మీరు మావయ్య అనేస్తారు. కాదు, ఆయన మీకు పెదనాన్న! వయసులో చిన్నవాడైతే చిన్నాన్న. ఆయన పిల్లలు మీకు తోబుట్టువులే. ఇంటిపేరు వేరు కదా అంటే, పెద్దమ్మ పిల్లల ఇంటిపేరు మాత్రం మీదేనా?

అదే “బావ” నాన్నకైతే మావయ్య, అమ్మకైతే పెదనాన్న. ఎందుకంటే, అమ్మకి బావ అంటే మేనరికం లెక్కలో ఆమెను చేసుకోదగిన వరసవాడు. అంటే నాన్న స్థానంలో ఉండగలవాడు, అందుకే పెదనాన్న. నాన్నకి బావ అంటే ఎవరి చెల్లెల్ని నాన్న చేసుకోవచ్చో ఆయన. ఆ చెల్లెలు అమ్మ స్థానం, ఆయన అమ్మకి అన్న స్థానం. అందుకే మావయ్య. మనకు వరసల్లో పెళ్లి లెక్క ముందే కలిసి ఉంది. దాన్ని వదిలేసి వరస పట్టుకోలేం. అక్క పెళ్లికి అమ్మ తరఫు ఆ బావగారు పెదనాన్న హోదాలో కూర్చోవాలి. మావయ్యగా కూర్చోబెడితే ఆయన మొహం చిన్నబోతుంది, పెద్దలు ఊరుకోరు.

“వదిన” కూడా ఇంతే. నాన్నకి వదినైతే మనకు పెద్దమ్మ, అమ్మకి వదినైతే అత్త. ఎందుకో మీరే ఆలోచించండి.

అభ్యాసం. సిరిమానోత్సవానికి విజయనగరంలో ఏ ఇంట చూసినా చుట్టాలే. అప్పటిలోగా ఇవి తేల్చుకోండి, అక్కడ పెద్దవాళ్లని అడిగి సరిచూసుకోవచ్చు. నాన్నమ్మ చెల్లెలి కూతురి కూతురు మీకేమవుతుంది? అమ్మకి మేనత్త కొడుకు ఉన్నాడు, ఆయన కూతురు?

మూడోది కష్టం, తొందరపడకండి. మీ మేనమామ మీ పెద్దమ్మ కూతుర్నే చేసుకున్నాడు. మామ కొడుకని చూస్తే వాళ్ల అబ్బాయి మీకు బావమరిది. అక్క కొడుకని చూస్తే మీ అన్నదమ్ములకు మేనల్లుడు, మీ అక్కచెల్లెళ్లకు కొడుకు. ఇంట్లో ఏ వరస నిలబెడతారు, ఎందుకు? మీ ఇంట్లో ఇలాంటి పెళ్లి ఉంటే అసలు ఏమని పిలుస్తున్నారో కనుక్కుని రాయండి.