ఓవెన్ అక్కర్లేదు, మందపాటి మూకుడు చాలు: దిబ్బరొట్టి, సర్వపిండి, రవ్వ కేకు

బేకింగ్ అనగానే ముందు ఓవెన్ కొనాలి తర్వాత మౌల్డులు కొనాలి బీటర్ కొనాలి అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు, కానీ మన ఇళ్ళల్లోకి ఓవెన్ రాకముందు నుంచీ మూకుడులో పిండి పోసి మూత పెట్టి సన్నసెగ మీద కాల్చుకుని తింటూనే ఉన్నాం. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టి అయినా, తెలంగాణలో సర్వపిండి అయినా పద్ధతి అదే. పైన కరకర, లోపల మెత్తగా, వేడివేడిగా ఒక ముక్క ప్లేట్లో పడితే ఆ పూటకి ఇంకేం వండక్కర్లేదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు నాకైతే ఇంతకన్నా మంచి తిండి లేదు, పైగా స్టవ్ మీద పెట్టేశాక ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ముందు గిన్నె గురించి చెప్తాను, ఎందుకంటే సగం పని దానిదే. ఇనప మూకుడు కానీ కాస్ట్ ఐరన్ కడాయి కానీ అడుగు మందంగా ఉండాలి. మందపాటి ఇనుము మెల్లగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని వదలదు, అందుకే అడుగు మాడకుండా ఎర్రగా కాలుతుంది. పైన గట్టిగా కూర్చునే మూత పెడితే పిండిలోంచి వచ్చే ఆవిరి లోపలే తిరిగి పైభాగాన్ని ఉడికిస్తుంది. అంటే కింద నూనెలో వేగుతుంది పైన ఆవిరికి ఉడుకుతుంది, రెండూ ఒకేసారి. కొన్నిచోట్ల మూకుడుని నిప్పుల మీద పెట్టి మూత పైన కూడా నిప్పులు వేస్తారు, అప్పుడు రెండు వైపులా కాలుతుంది కాబట్టి తిప్పే పని కూడా ఉండదు. మీ దగ్గర పల్చటి అల్యూమినియం గిన్నె మాత్రమే ఉంటే దాని కింద పాత దోశె పెనం పెట్టి దాని మీద గిన్నె పెట్టండి, సెగ నేరుగా తగలదు. నాన్ స్టిక్ లో కూడా వస్తుంది, కానీ ఆ మందపాటి ఎర్ర చెక్కు రాదు, దిబ్బరొట్టిలో అందరూ కొట్టుకునేది ఆ చెక్కు కోసమే కదా.

దిబ్బరొట్టి

ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పొట్టుపప్పు అయితే రుచీ వాసనా రెండూ బాగుంటాయి, నానాక కాస్త పొట్టు వదిలేసినా పర్లేదు, టైం లేకపోతే పొట్టులేని మినపగుళ్ళే వాడండి. పప్పు నాలుగైదు గంటలు నానాలి. రవ్వని రెండు మూడు సార్లు కడిగి విడిగా ఒక గంటైనా నానబెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి పళ్ళ ఇబ్బంది ఉంటే రవ్వ ఒకటిన్నర గ్లాసుకి తగ్గించండి, రొట్టి ఇంకా మెత్తగా వస్తుంది.

పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు చాలా పొదుపుగా పొయ్యాలి, గారెల పిండిలా ఉండాలి. గ్రైండర్ ఉంటే అదే వాడండి, మిక్సీ అయితే జార్ వేడెక్కి పిండి దిగిపోతుంది కాబట్టి ఫ్రిజ్ నీళ్ళు కొంచెం కొంచెం చల్లుతూ ఆపి ఆపి తిప్పండి. సరిగ్గా నలిగిందో లేదో తెలియాలంటే గ్లాసు నీళ్ళలో చిన్న ముద్ద వెయ్యండి, తేలితే పిండిలో గాలి బాగా పట్టినట్టు, మునిగితే ఇంకాసేపు రుబ్బాలి. ఆ గాలే రొట్టి పొంగడానికి కారణం, అందుకే ఇందులో వంటసోడా వెయ్యకండి, ఎవరు చెప్పినా సరే. సోడా వేస్తే పొంగినట్టే కనిపిస్తుంది కానీ మినప్పిండి రుచి పోయి సబ్బు వాసనలా ఏదో మిగులుతుంది.

రవ్వని రెండు చేతులతో గట్టిగా పిండి నీళ్ళన్నీ తీసేసి పప్పులో కలపాలి, ఈ పిండడం దగ్గర బద్ధకిస్తే పిండి జారిపోతుంది, జారుపిండితో ఊతప్పం వస్తుంది కానీ దిబ్బరొట్టి రాదు. గరిటెతో తీస్తే ముద్దగా పడాలి. రెండు మూడు గంటలు అలా వదిలేస్తే చాలు, రాత్రంతా పులియాల్సిన అవసరం లేదు, ఎండాకాలం అయితే అస్సలు వద్దు, పుల్లగా అయిపోతుంది. పొయ్యబోయే ముందు ఉప్పూ జీలకర్రా కలపండి. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ కొంతమంది వేస్తారు, నా మటుకు నాకు జీలకర్ర ఒక్కటే ఇష్టం, ఎందుకంటే ఉత్తగా చేస్తేనే తీపితోనూ తినొచ్చు కారంతోనూ తినొచ్చు.

ఇప్పుడు కాల్చడం. ఎనిమిది అంగుళాల మూకుడుకి మూడు నాలుగు స్పూన్ల నూనె, గోడలకి కూడా అంటేలా తిప్పండి. నూనె వేడెక్కాక పిండి వేసి తడిచేత్తో సర్దండి, రెండు అంగుళాల మందం దాటకూడదు, దాటితే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. మూత పెట్టి చిన్న బర్నర్ మీద సన్నసెగలో పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. మధ్యలో ఏమైందో చూద్దామని మూత తీస్తే ఆవిరంతా పోతుంది, పైభాగం ఉడకదు, పావుగంట దాకా తియ్యకండి. కాలిన వాసన కాదు, వేగిన మినప్పప్పు వాసన వస్తుంది చూడండి అప్పుడు తియ్యండి. అంచులు గిన్నె గోడల్ని వదిలి, పైన వేలు పెడితే పిండి అంటకపోతే తిప్పడానికి రెడీ అన్నట్టు.

తిప్పడానికి కంగారుపడతారు చాలామంది. అట్లకాడ అడుగు దాకా చుట్టూ ఒకసారి తిప్పి రొట్టిని ప్లేట్లోకి జార్చేసి, రొట్టి పైన ఇంకో స్పూను నూనె రాసి, స్టవ్ మీంచి దింపిన మూకుడుని బట్టతో పట్టుకుని ప్లేటు మీద బోర్లించి రెండూ కలిపి తిప్పెయ్యండి. మూకుడులో నూనె మిగిలి ఉంటే ముందే వంచేసుకోవాలి, వేడి నూనె కదా, పిల్లల్ని దూరంగా ఉంచండి. రెండో వైపు ఎనిమిది పది నిమిషాలు చాలు. మధ్యలో చాకు గుచ్చితే శుభ్రంగా రావాలి. దించిన వెంటనే కోస్తే లోపల జిగురుగా అనిపిస్తుంది, ఐదు నిమిషాలు ఆగి కేకులా ముక్కలు కొయ్యండి.

దీనికి చెరకు పానకం జత, పశ్చిమగోదావరి వైపు ఆ రెండూ కలిపే తింటారు. పానకం దొరకని ఊళ్ళో కప్పు బెల్లంలో పావు కప్పు నీళ్ళు పోసి కరిగించి వడకట్టి, ఇంచుమించు తేనె చిక్కదనం వచ్చేదాకా మరిగించి యాలకుల పొడి వెయ్యండి, ముంచుకుని తినడానికి బాగుంటుంది. కారం కావాలంటే అల్లం పచ్చడి, లేదా కొత్తావకాయ మీద వెన్న.

వీక్ డేస్ లో పప్పు నానబెట్టే ఓపిక ఉండదు కదా, అప్పుడు ఫ్రిజ్ లో ఉన్న ఇడ్లీ పిండే వాడండి. మూడోరోజుకి కాస్త పులిసి ఇడ్లీ సరిగ్గా రాని పిండి ఉంటుంది చూడండి, రెండు గ్లాసుల పిండికి అర గ్లాసు రవ్వ నానబెట్టి, నీళ్ళు గట్టిగా పిండేసి కలిపి, ఇందులో మాత్రం ఉల్లిపాయా పచ్చిమిర్చీ కొత్తిమీరా ధారాళంగా వేసి ఇదే పద్ధతిలో కాల్చెయ్యండి, పులుపు తెలియదు.

సర్వపిండి

ఇది ఇంకా తేలిక, రుబ్బే పనే లేదు. రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంటసేపు నానిన శనగపప్పు మూడు స్పూన్లు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు రెండు స్పూన్లు, సన్నగా తరిగిన ఉల్లాకు, కరివేపాకు, కొత్తిమీర, దంచిన ఎల్లిపాయ, కారం, ఉప్పు. ఉల్లాకు దండిగా పడాలి, అది లేని సర్వపిండి నాకు తిన్నట్టే ఉండదు. గోరువెచ్చటి నీళ్ళతో చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా కలుపుకుని, నూనె రాసిన చల్లటి గిన్నెలో ముద్ద పెట్టి వేళ్ళతో అడుగుకీ గోడలకీ పల్చగా ఒత్తుతూ పోవాలి. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కలు నూనె వెయ్యాలి, నూనె అడుక్కి దిగి కరకరలాడేది దాని వల్లే. మూత పెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు, తర్వాత మూత తీసి ఇంకో రెండు మూడు నిమిషాలు. తిప్పక్కర్లేదు.

గిన్నప్ప అనీ తపాలచెక్క అనీ కూడా అంటారు దీన్ని. ఒకటి కాలాక ఇంకోటి ఒత్తాలంటే గిన్నె చల్లారాలి, అందుకే రెండు గిన్నెలు పెట్టుకుంటే పని ఆగదు. స్టీలో అల్యూమినియమో అయితే అడుగున నీళ్ళు తగిలించి చల్లార్చుకోవచ్చు, వేడిగా ఉన్న కాస్ట్ ఐరన్ కి మాత్రం నీళ్ళు తగలనివ్వకండి, పగులుతుంది.

తీపి కావాలంటే రవ్వ కేకు

బొంబాయి రవ్వ ఒక గ్లాసు, పంచదార పొడి ముప్పావు గ్లాసు, పెరుగు అర గ్లాసు, పాలు అర గ్లాసు, నూనె కానీ కరిగించిన నెయ్యి కానీ పావు గ్లాసు. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు వదిలేస్తే రవ్వ తడి పీల్చుకుని గట్టిపడుతుంది, మరీ బిగిసిపోతే కాసిని పాలు పొయ్యండి. ఈలోపు పాత కుక్కర్లో కానీ మందపాటి కడాయిలో కానీ అర అంగుళం ఉప్పు పరిచి, మధ్యలో స్టాండు పెట్టి మూత పెట్టి పది నిమిషాలు వేడి చెయ్యండి. కుక్కర్ అయితే గ్యాస్కెట్టూ విజిలూ రెండూ తీసెయ్యాలి, ఇది మర్చిపోకూడదు. నీళ్ళు లేకుండా వేడి చేస్తాం కాబట్టి రోజూ వాడే కుక్కర్ వద్దు.

ఉప్పు పరిచిన కుక్కరో కడాయో వేడెక్కాకే పిండిలో ఒక టీస్పూను బేకింగ్ పౌడరు, పావు టీస్పూను వంటసోడా, యాలకుల పొడి కలపాలి. సోడా పెరుగులో పులుపు తగిలిన వెంటనే బుడగలు వదులుతుంది, కలిపి పక్కన పెడితే ఆ బుడగలు కాస్తా పోయి కేకు అట్టలా వస్తుంది. నెయ్యి రాసిన గిన్నెలో సగానికి పైన కొంచెం దాకా పోసి స్టాండు మీద పెట్టి సన్నసెగలో ముప్పైఐదు నుంచి నలభైఐదు నిమిషాలు. పుల్ల గుచ్చి చూడండి. పూర్తిగా చల్లారాకే గిన్నెలోంచి తియ్యండి, వేడిలో విరిగిపోతుంది. ఆ ఉప్పు కూరల్లోకి పనికిరాదు, డబ్బాలో దాచుకుంటే మళ్ళీ కేకుకే వాడుకోవచ్చు.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి ఓవెన్ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి దిబ్బరొట్టి అందులోనే చేసుకోవచ్చు. కాస్ట్ ఐరన్ స్కిల్లెట్ ని స్టవ్ మీద నూనెతో వేడి చేసి పిండి పోసి రెండు నిమిషాలు అడుగు పట్టనిచ్చి, 200 డిగ్రీల సెల్సియస్ కి, అంటే అమెరికా ఓవెన్లలో దాదాపు 400 ఫారెన్‌హీట్ కి, ముందే వేడెక్కిన ఓవెన్లో మూత పెట్టి పాతిక నిమిషాలు, మూత తీసి పైన నూనె రాసి ఇంకో పది పదిహేను నిమిషాలు పెట్టండి, తిప్పక్కర్లేదు. చలికాలం ఇడ్లీ పిండి పొంగకపోతే ఓవెన్ ఆన్ చెయ్యకుండా లోపల లైటు ఒక్కటే వేసి గిన్నె అందులో పెట్టేస్తే పొద్దున్నకి పొంగుతుంది, ఓవెన్ తలుపు మీద ఒక చీటీ మాత్రం అంటించండి, ఇంట్లో ఇంకొకళ్ళు లోపల పిండి ఉందని తెలియక ఆన్ చెయ్యకుండా.