సకినాలు పేలితే దిష్టి కాదు, తడి

సంక్రాంతి ముందు వారం మా హన్మకొండ వాడలో ఏ ఇంటికి పోయినా మంచాల మీద, నేల మీద తెల్ల బట్టలు పరిచి ఉంటాయి. వాటి నిండా సకినాలు, అంటే నువ్వులు కలిపిన బియ్యప్పిండిని చుట్లుగా చుట్టి నూనెలో కాల్చే పిండివంట. నాకు ఫోన్లు ఎక్కువ వచ్చేదీ ఆ వారమే. "వదినా, నూనెలో వేయగానే పటాకుల్లా పేలుతున్నాయి." "అక్కా, అరిసె మూకుడులోనే విడిపోయింది." డిసెంబర్‌లో అయితే కేక్ గొడవ. ఎవరు చేసినా ముందు రెండే అడుగుతాను: పిండిలో తడి ఎంత, పొయ్యి మీద మంట ఎంత? చాలాసార్లు తప్పు ఆ రెండింట్లో ఒక దగ్గర దొరుకుతుంది.

ఇంకో మాట. టెన్షన్‌లో పిండి, నీళ్లు, మంట అన్నీ ఒకేసారి మార్చేయకండి. ఒకటి మార్చండి, ఒక్కటి వేయించి చూడండి. లేకపోతే ఏది మారిస్తే బాగుపడిందో తెలియదు, వచ్చే ఏడు మళ్లీ ఇదే కథ.

సకినాలు

"బట్ట మీద చుడుతుంటే తెగిపోతోంది."

కొంచెం పిండి తీసి అరచేతిలో ఒత్తండి. అంచులు పగిలితే నీళ్లు తక్కువ. అంచులు బాగానే ఉండి, నువ్వు గింజ ఉన్న చోటే తెగుతుంటే నువ్వులు ఎక్కువయ్యాయి, లేదా పిండి బరకగా ఉంది. మా ఇంట్లో కిలో బియ్యానికి పావు కిలో నువ్వులు. అంతకు మించితే చుట్టేవాళ్ల వేళ్లకు కష్టం. నీళ్లు తక్కువైతే పిండి మొత్తం మీద పోయకండి. చుట్టడానికి సరిపడా కొంత విడిగా తీసుకుని, తడి చేతితో కలుపుకోండి, మిగిలినదాని మీద తడి బట్ట కప్పి ఉంచండి. బరక పిండి అయితే మళ్లీ జల్లించడమే, వేరే దారి లేదు. మైదా కలిపితే అతుకుతుంది గానీ, అది సకినం కాదు.

పోయినేడు కొలత ఈ ఏడు ఎందుకు పనిచేయలేదని చాలామంది అడుగుతారు. బియ్యం మారింది కాబట్టి. వానకాలం పంట నుంచి అప్పుడే వచ్చిన కొత్త బియ్యం నీళ్లు తక్కువ పీలుస్తుంది, పాత బియ్యం ఎక్కువ పీలుస్తుంది. అందుకే నేను నీళ్లను గ్లాసుతో కొలవను. పిండి వేళ్ల మధ్య నుంచి తెగకుండా జారుతూ మెలి తిరగాలి, అదే కొలత.

"చుట్లు ఒకదానికొకటి అతుక్కుని అప్పంలా అయిపోతున్నాయి."

నీళ్లు ఎక్కువయ్యాయి. కొద్దిగా పొడి బియ్యప్పిండి కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఇలా జరగకుండా ఉండాలంటే గిర్నికి పోయే ముందే చూసుకోవాలి. రాత్రంతా నానిన బియ్యాన్ని వడకట్టి, నీడలో బట్ట మీద ఆరబెట్టి, పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యి, వదిలితే విడిపోయేలా ఉన్నప్పుడు పట్టించాలి. మీకంటే ముందు ఆ గిర్నిలో మిరపకాయలు పట్టారా అని కూడా అడగండి. ఒకసారి మా సకినాలన్నీ కారంగా వచ్చాయి, పిల్లలు మాత్రం చాలా మెచ్చుకున్నారు.

"నూనెలో పేలుతున్నాయి."

మా అత్తమ్మ సకినాలు కాల్చేటప్పుడు వంటింటి తలుపు దగ్గరికి వేసేది, దిష్టి తగలొద్దని. ఒకటి పేలితే వాకిట్లో ఎవరు నిలబడ్డారో చూసేది. ఆమె మీద గౌరవంతోనే చెబుతున్నాను, పేలుడుకు కారణం వాకిట్లో లేదు, పిండిలో ఉంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు వ్యాపిస్తుంది. ఆ ఆవిరి బయటికి పోవడానికి సన్న దారులున్నంత సేపు సకినం బుడబుడమని కాలుతుంది. దారి మూసుకుపోతే పగులుతుంది. తలుపు వేయడం వల్ల పిల్లలు నూనె దగ్గరికి రాకుండా ఉన్నారు, అదొక్కటి మాత్రం నిజమైన లాభం.

దారి ఎందుకు మూసుకుపోతుంది? పిండిలో ఉండలు మిగిలిపోవడం ఒకటి. చపాతీ పిండిలా గట్టిగా పిసకడం ఒకటి. చుట్టు కొన కలిపిన దగ్గర లావుగా ముద్ద పడటం ఇంకొకటి. బట్ట మీద సరిగ్గా ఆరకముందే నూనెలో వేయడం, నూనె పొగలొచ్చేంత కాగడం మిగిలినవి. పేలిన సకినాన్ని పారేయకండి, ఎక్కడ పగిలిందో చూడండి. కొన దగ్గరైతే చుట్టినవాళ్ల చెయ్యి, అక్కడక్కడా పగిలితే పిండిలో ఉండలు, ఒక వాయి మొత్తం పగిలితే తడి లేదా మంట.

ఏం చేయాలంటే, ముందు పొయ్యి ఆపి రెండడుగులు వెనక్కి జరగండి. చుట్టినవాటిని బట్ట మీద ఇంకాసేపు ఉంచండి, బట్ట తడి పీల్చుకుంటుంది. మిగిలిన పిండిని వేళ్లతో నలిపి ఉండలు తీసేయండి. దొడ్డుప్పు వాడితే నీళ్లలో పూర్తిగా కరిగించి, వడకట్టి పోయండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి, వెంటనే పైకి తేలేంత వేడి చాలు. మూకుడు మీద మూత పెట్టకండి, మూతకు పట్టిన ఆవిరి నీళ్లయి నూనెలోకే కారుతుంది.

నూనె అంటుకుంటే మాత్రం మూతే కావాలి. పొయ్యి ఆపి, మూకుడుకు సరిపోయే పళ్లెం కప్పేయండి. నీళ్లు పోయకండి, మూకుడును ఎత్తి బయటికి పట్టుకుపోకండి.

"బట్ట మీద నుంచి తీస్తుంటే ముక్కలైపోతున్నాయి."

తొందరగా తీస్తే సాగి తెగుతాయి, ఆలస్యమైతే ఎండి పగుళ్లిస్తాయి. సకినం అంచు బట్టను పట్టుకోకుండా లేస్తే అది సమయం. ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి పైన ఎండుతుంది, అడుగు తడిగానే ఉంటుంది. ఒకేసారి రెండు వందలు చుట్టి పెట్టుకుంటే చివరివి తీసేసరికి ఎండిపోతాయి. ఒకరు చుడుతుంటే ఇంకొకరు కాల్చాలి. పెళ్లికూతురి పుట్టింటి నుంచి పంపే సకినాలకు వాడంతా కూర్చుని చుట్టేది అందుకే, ఒక్కరితో అయ్యే పని కాదు.

నూనె పీలుస్తున్నాయా? మంట తక్కువైంది, లేదా పిండి పలుచనైంది. రాళ్లలా గట్టిగా వచ్చాయా? ఎక్కువ పిసికారు, లేకపోతే బియ్యం సరిగ్గా నానలేదు. పైకి బాగా కాలి, మరునాటికి మెత్తబడ్డాయా? బుడగలు తగ్గకముందే తీసేశారు. బుడగలంటే లోపలి నీరు బయటికి పోవడమే, అవి దాదాపు ఆగాకే తీయాలి. వేడి మీద డబ్బాలో పోసి మూత పెట్టినా అంతే.

అరిసెలు

ఇక్కడ పిండి కంటే పాకం ముఖ్యం. కిలో బియ్యానికి మేము ముప్పావు కిలో బెల్లం వేస్తాం. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే కరగకుండా, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి.

అరిసె నూనెలో విడిపోతే పాకం లేతది, లేదా తడి పిండి తక్కువైంది. కొద్దిగా తడి పిండి కలిపి చూడండి, చాలాసార్లు అంతటితో కుదురుతుంది. కుదరకపోతే చలిమిడిని మందపాటి గిన్నెలో సన్న మంట మీద కాసేపు కలియబెట్టి, చల్లారాక మళ్లీ ఒకటి వేసి చూడండి. గట్టిగా వస్తే పాకం ముదిరింది. రెండు చెంచాల వేడి పాలు, ఒక చెంచా నెయ్యి వేసి చేత్తో మెదపండి. పూర్తిగా మెత్తబడదు గానీ, తినగలిగేలా అవుతుంది. పళ్లు లేని పెద్దవాళ్లకు ఆ వాయి పెట్టకండి.

మేడారం నుంచి తెచ్చిన బంగారంతో, అంటే అమ్మవార్లకు ఎత్తిన బెల్లంతో, ఏదైనా చేయాలనుకునేవాళ్లు పాకం కరగగానే వడకట్టండి. జాతరలో అది ఎన్ని చేతులు, ఎంత దుమ్ము దాటి వచ్చిందో మనకు తెలుసు.

సర్వపిండి

బియ్యప్పిండి ముద్దను సర్వ అనే గిన్నె లోపల ఒత్తి కాల్చే రొట్టె ఇది. అడుగు మాడి, నడుమ పచ్చిగా ఉంటోందా? మందంగా ఒత్తారు, వేళ్లతో చిల్లులు పెట్టలేదు, మంట పెద్దది. చిల్లులు అందానికి కాదు, వాటిలోకి నూనె దిగితేనే నడుమ కాలుతుంది. సన్న మంట, పైన మూత. రెండో వాయికి పిండి గిన్నెకు అంటుకోకుండా జారిపోతుంటే గిన్నె ఇంకా వేడిగా ఉందన్నమాట. బోర్లించి పైన నీళ్లు పోసి చల్లార్చి, లోపల తుడిచి మళ్లీ నూనె రాయండి. రెండు సర్వలుంటే ఈ గొడవే లేదు.

రోజువారీ చిన్న తలనొప్పులు

పచ్చడి ఎర్రగా మెరుస్తోంది, కారం మాత్రం లేదు. ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చింది చపాటా మిర్చేమో చూడండి. టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో వరంగల్ చపాటాకు జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు, వచ్చింది. దాని గొప్పతనం రంగులో ఉంది, కారం తక్కువ. తప్పు కాయది కాదు, ఇంకో కారపు రకాన్ని కలిపి పట్టించుకోండి.

పప్పు ఎంతకూ ఉడకడం లేదంటే చింతపండు, టమాటా ముందే వేశారేమో. పులుపులో పప్పు మెత్తబడదు, ఉడికాకే వేయండి. బోరు నీళ్లు గట్టివైతే కూడా ఇంతే, తాగే నీళ్లతో వండి చూడండి. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆలుగడ్డ వేయమంటారు. ఆలుగడ్డ తను పీల్చిన పులుసులోని ఉప్పు మాత్రమే తీసుకుంటుంది, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. కూర పెంచుకోవడమే మందు.

క్రిస్మస్ కేక్

మా పక్కింటి అక్క వాళ్లది కాజీపేట ఫాతిమానగర్. డిసెంబర్ 25న వాళ్లింటి నుంచి కేక్ వస్తుంది, జనవరిలో మా ఇంటి నుంచి సకినాలు పోతాయి. ఆమె ఏళ్లపాటు కుక్కర్‌లోనే చేసింది, నేను నేర్చుకున్నదీ అక్కడే.

"నడుమ గుంట పడింది."

పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటితే ఉడకలేదు, లేదా మధ్యలో మూత తీసి చూశారు. పుల్ల శుభ్రంగా వచ్చినా గుంట ఉంటే వంటసోడా ఎక్కువైంది, కేక్ గబగబా పొంగి నిలబడలేక కుంగింది. బేకింగ్ పౌడర్ లేదని అంతే వంటసోడా వేసేవాళ్లకు ఇది తప్పదు. సోడా మూడు నాలుగు రెట్లు బలమైనది, పైగా పెరుగులాంటి పులుపు తోడు లేకపోతే సబ్బు వాసన మిగులుతుంది. కప్పు మైదాకు పావు చెంచా సోడా లేదా చెంచా బేకింగ్ పౌడర్ చాలు. మొదటి అరగంట మూత ముట్టకండి.

"అడుగు మాడింది, పైన పచ్చి."

కుక్కర్ అడుగున ఉప్పు పరిచారా? దాని మీద స్టాండ్ పెట్టారా? గిన్నె నేరుగా అడుగును తాకితే మాడుతుంది. రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు, మంట సిమ్‌లోనే ఉండాలి. ఖాళీగా కాలితే కుక్కర్ పాడవుతుంది కాబట్టి రోజూ పప్పు వండేది వాడకండి, పాతది ఒకటి దీనికే ఉంచుకోండి.

"వెన్న, గుడ్లు కలిపితే విరిగినట్టయింది."

డిసెంబర్ చలికి వెన్న రాయిలా ఉంటుంది, గుడ్లు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారు. రెండూ గంట ముందు బయట పెట్టాలి. ఇప్పటికే విరిగితే కొలిచిన మైదాలోంచే ఒక చెంచా వేసి కలపండి, సర్దుకుంటుంది. కిస్‌మిస్, చెర్రీలు అడుగుకు దిగిపోతే అవి తడిగా ఉన్నాయి లేదా పిండి పలుచనైంది. తుడిచి, మైదాలో దొర్లించి వేయండి.

ఓవెన్‌లో చేసేవాళ్లు, మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి, లోపలి వేడి కొంతసేపు కాపాడుతుంది. పది నిమిషాలకు కూడా రాకపోతే గ్యాస్ మీద కుక్కర్‌ను వేడి చేసి గిన్నెను అందులోకి మార్చండి. అందంగా రాదు, కానీ ఉడుకుతుంది.

కుంగిన కేక్‌లో ఉడికిన భాగాన్ని బతుకమ్మకు మలీద చేసేటప్పుడు రొట్టెను చిదిమినట్టు చిదిమి, గోరువెచ్చటి పాలు చిలకరించి లడ్డూలు కట్టండి. మా ఇంట్లో అసలు కేక్ కంటే ముందు అవే అయిపోయాయి.

ఆ ఓవెన్ సంక్రాంతికీ పనికొస్తుంది. మెత్తబడిన సకినాలను 120 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెట్టండి. తీయగానే కొరికి చూసి పోయాయనుకోకండి, వేడి మీద మెత్తగానే ఉంటాయి. పళ్లెంలో చల్లారాక విరిచి చూడండి.