వైఫై గీతలు నిండుగా ఉన్నా నెట్ రావడం లేదా? రౌటర్ డబ్బా మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, రెండో అంతస్తులో వైఫై రాలేదంట. పది గంటలకు మూడొందల రూపాయల దర్శనం టికెట్లు బుక్ చేసుకోవాలంట, ఆయమ్మ అరుస్తా ఉంది."

తిరుపతి బస్టాండు దగ్గర మా మామ లాడ్జిలో వైఫై పంచాయితీలన్నీ నావే. పైకెళ్లి ఆవిడ ఫోన్ చూశాను. లాడ్జి పేరు కింద "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరిగి తిరిగి ఆగిపోతోంది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా ఉన్నాయి. "కొత్తది కొనేద్దాం రా" అన్నాడు మామ. డబ్బాకు ఏ రోగమూ లేదు, తప్పంతా సెట్టింగ్‌లోనే.

1. ఎక్కడ ఆగుతోందో చూడండి. పేరే కనబడటం లేదా, పాస్‌వర్డ్ కొట్టాక తిప్పి పంపుతోందా, అడ్రస్ దగ్గర ఆగిందా, కనెక్ట్ అయ్యాక పోతోందా? ఒక్కోదానికి ఒక్కో మందు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలీదు.

2. అడ్రస్ దగ్గర ఆగితే, అడ్రస్‌లు అయిపోయాయేమో చూడండి. మా గొడవ ఇదే. వైఫైలోకి వచ్చిన ప్రతి ఫోన్‌కూ డబ్బా ఒక అడ్రస్ ఇస్తుంది. మా దాంట్లో అడ్రస్ చివరి నంబర్ 100 నుంచి 199 వరకే, అంటే వంద అడ్రస్‌లు. ఒకసారి ఇచ్చింది 24 గంటలు ఆ ఫోన్‌దే. ఇంట్లో అయితే ఇబ్బంది లేదు. లాడ్జిలో మాత్రం పొద్దున ఖాళీ చేసి కొండకెళ్లినవాళ్ల అడ్రస్‌లు కూడా రేపటిదాకా వాళ్ల పేరునే ఉంటాయి. మధ్యాహ్నం దిగినవాళ్లకు ఏం మిగులుతుంది?

బ్రౌజర్‌లో 192.168.0.1 గానీ 192.168.1.1 గానీ కొట్టి లోపలికెళ్లండి. సరైన అడ్రస్ డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సెట్టింగ్) పేజీలో మొదటి అడ్రస్ చివర 10, ఆఖరిదాని చివర 250 పెట్టండి. లీజు టైమ్, అంటే ఒక అడ్రస్ ఒక ఫోన్ పేరున ఉండే సమయం, రెండు గంటలకు తగ్గించండి. కొన్ని డబ్బాలు దాన్ని నిమిషాల్లో అడుగుతాయి, కొన్ని సెకన్లలో. నేను చూసుకోకుండా 120 కొట్టాను. అది సెకన్లు! ఫోన్లన్నీ సగం లీజు అవగానే, అంటే నిమిషానికోసారి, అడ్రస్ కోసం డబ్బా ప్రాణం తీశాయి. సెకన్లయితే 7200 కొట్టాలి. సేవ్ చేసి, డబ్బాను ఒకసారి ఆపి వేయండి.

3. రెండో డబ్బా కూడా అడ్రస్‌లు పంచుతోందా? పై అంతస్తుకు పాత రౌటర్ తగిలించి ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే మోడ్) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని డీహెచ్‌సీపీ ఆపి, 192.168.1.2 లాంటి వేరే అడ్రస్ ఇచ్చి, వైరును వాన్ (బయటి నెట్ వైరు పెట్టే) పోర్టుకు కాకుండా లాన్ (లోపలి పరికరాలు కలిపే) పోర్టుకు గుచ్చండి.

4. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వైఫై పేరు ఉన్నట్టుండి మాయమైతే ఛానల్ నంబర్ చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను రాడార్లూ వాడతాయి. రాడార్ ఉందని అనుమానం వస్తే డబ్బా ఆ ఛానల్ వదిలేయాలన్నది నియమం. అలాంటి మరో ఛానల్‌కు మారాలన్నా అక్కడ రాడార్ ఉందేమోనని కనీసం ఒక నిమిషం వినాలి. ఆటో తీసేసి 36 నుంచి 48 లోపు ఒకటి పెట్టండి.

5. పాత ప్రింటరో, పాత ఫోనో ఎక్కకపోతే వైఫై సెక్యూరిటీ సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ తీసి, డబ్ల్యూపీఏ2 ఒక్కటే ఉంచండి. ఫాస్ట్ రోమింగ్ (ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ఫోన్ త్వరగా మారే సదుపాయం) అని ఉంటే అదీ ఆపండి. సీసీ కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి కాబట్టి రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టడమే సుఖం.

6. నాలుగు రోజులకోసారి నెమ్మదిస్తే రోజూ ఒకసారి దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా టైమ్ పెట్టండి. తెల్లవారుజామున మూడింటికి పెట్టమంటారు అందరూ. తిరుపతిలో ఆ వేళకు సగం లాడ్జి లేచి కూర్చుంటుంది! మేం మధ్యాహ్నం రెండున్నరకు పెట్టాం. ముందు గడియారం చూసుకోండి. కరెంటు పోయి వచ్చాక చాలా డబ్బాలు నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా 1970లోనే ఉంటాయి.

ఇది ఫస్ట్ ఎయిడ్ మాత్రమే. అసలు మందు ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్. 2017లో డబ్ల్యూపీఏ2లో బయటపడ్డ క్రాక్ (KRACK) అనే భద్రతా లోపం లాంటివాటిని కూడా అప్‌డేట్లతోనే సరిచేశారు. స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు వీ1, వీ2 అని హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది, అదీ కలవాలి. వేరేదాని ఫైల్ ఎక్కిస్తే డబ్బా ఇటుకరాయే. సెట్టింగులు బ్యాకప్ తీసుకుని, యూపీఎస్ మీద పెట్టి, వైరుతో కలిపిన ల్యాప్‌టాప్ నుంచి చేయండి. అయ్యాక డీహెచ్‌సీపీ పేజీ మళ్లీ తెరవండి. కొన్ని డబ్బాలు అప్‌డేట్ తర్వాత పాత లెక్కకే వెళ్లిపోతాయి. లీజు టైమ్ 1440 నిమిషాలు, అంటే 24 గంటలు, చూపిస్తే పైన రెండో నంబర్ పని మళ్లీ మొదలు.