క్లౌడ్ ఆఫీసు మాటలు – 4వ పాఠం: ఒకే మెనూలో మూడు ‘కాపీ’లు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. గూగుల్ షీట్స్‌లో ఇంటి ఖర్చుల పట్టిక ఒకటి చేసి నాకు షేర్ చేయమన్నాను. 31 మంది పంపారు. అందులో నేను నొక్కగానే తెరుచుకున్న లింకులు 9. ఇంకో 8 లింకులు నొక్కితే ‘రిక్వెస్ట్ యాక్సెస్’ (అనుమతి అడగండి) అనే పేజీ వచ్చింది. మిగతా 14 మంది వాట్సాప్‌లో ఎక్సెల్ ఫైలే పంపారు. ఇంతమంది ఒకేచోట తడబడ్డారంటే లోపం పాఠంలో ఉన్నట్టు. షేర్ గురించి చెప్పి, అదే మెనూలో దాని కిందే ఉన్న ‘కాపీ’ గురించి చెప్పకుండా వదిలేశాను. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన ఫార్ములాలను వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

ముందు ఆ 8 మంది సంగతి. మీరు కొత్తగా చేసిన ఏ ఫైలైనా మొదట ‘రిస్ట్రిక్టెడ్’గా ఉంటుంది. అంటే మీరు, మీరు ఈమెయిల్ చేర్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడలేరు. లింకు అందినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. షేర్ నొక్కి అవతలివాళ్ళ ఈమెయిల్ చేర్చాలి, లేదా అక్కడే కింద ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని మార్చాలి. నేనైతే ఎప్పుడూ ఈమెయిలే చేరుస్తాను. ఫోన్లో రెండు జీమెయిల్ ఖాతాలు ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. షేర్ చేసింది ఒక ఖాతాకి, మీరు తెరిచింది ఇంకో ఖాతాతో అయితే మళ్ళీ అదే పేజీ వస్తుంది. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి ఖాతా మార్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆ 14 మంది సంగతి. దీన్ని నిదానంగా చదవండి.

ఫోన్లో షీట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్’లోకి వెళ్ళండి. అక్కడ ‘కాపీ’ అనే మాట మూడుసార్లు కనపడుతుంది: కాపీ లింక్, మేక్ ఎ కాపీ, సెండ్ ఎ కాపీ. వరస మీ ఫోన్లో కొంచెం తేడా ఉండొచ్చు. మాట ఒకటే కదా, ఏది నొక్కినా ఒకటే పని జరుగుతుందని అనుకుంటాం. అది పొరపాటు. మూడూ మూడు వేరే పనులు.

‘కాపీ లింక్’ మీ ఫైలుని అసలు ముట్టుకోదు. ఆ ఫైలు ఎక్కడుందో ఆ చిరునామాని మాత్రం తీసి మీ ఫోన్లో పట్టుకుంటుంది. దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే వెళ్ళేది చిరునామా. ట్రంకు రోడ్డులో మా ఇల్లు ఫలానా చోట అని పదిమందికి చెప్పినా ఇల్లు ఒకటే ఉంటుంది కదా, అలాగ.

‘మేక్ ఎ కాపీ’ ఇంకో ఇల్లు కడుతుంది. మొదటి ఫైలులో ఆ నిమిషానికి ఏముందో అదంతా కొత్త ఫైలులోకి ఎక్కుతుంది. పేరు ముందు ‘కాపీ ఆఫ్’ అని చేరుతుంది. ఆ కొత్త ఫైలుకి ఓనర్ మీరే. ఆ తర్వాత మొదటిదానిలో ఎవరేం రాసినా ఇందులోకి రాదు, ఇందులో మీరు రాసింది అందులోకి పోదు.

‘సెండ్ ఎ కాపీ’ అయితే ఫైలుని క్లౌడ్ నుంచి, అంటే ఇంటర్నెట్‌లో అది దాచి ఉన్న చోటు నుంచి, బయటికి తీస్తుంది. ఎక్సెల్‌గానో పీడీఎఫ్‌గానో మార్చి, వాట్సాప్‌కో ఈమెయిల్‌కో అప్పజెప్పుతుంది. వెళ్ళింది ఒక ఫోటో లాంటిది. తీసిన క్షణం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. కంప్యూటర్లో ‘డౌన్‌లోడ్’ నొక్కినా జరిగేది ఇదే. మీలో 14 మంది నొక్కింది దీన్నే.

చిక్కేమిటంటే, అలా వచ్చిన ఎక్సెల్ ఫైలుని అవతలివాళ్ళు నొక్కితే చాలా ఫోన్లలో అదే షీట్స్ యాప్‌లో తెరుచుకుంటుంది. అవే గళ్ళు, అవే రంగులు, అవే అంకెలు. ఇద్దరం ఒకే ఫైలు చూస్తున్నామనే ఇద్దరూ అనుకుంటారు. నాకు కోపం తెప్పించేది ఇదే. మనిషి తప్పు చేసినట్టు ఎక్కడా కనపడదు, తెర కూడా ఏమీ చెప్పదు.

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువు లెక్క నా దగ్గరికి వచ్చింది. గుమాస్తా చెరువు దగ్గరే ఉంటాడు, యజమాని నెల్లూరులో ఉంటారు. రోజుకి ఎన్ని సంచుల మేత వేశారో గుమాస్తా ఫోన్లో షీట్‌లో రాస్తాడు. మొదట్లోనే ‘సెండ్ ఎ కాపీ’ నొక్కి యజమానికి పంపాడు. యజమాని ఆ ఎక్సెల్ ఫైలులోనే తాను కొన్న మందులు, తనకి తెలిసినంతవరకు మేత సంచులు రాసుకుంటూ వచ్చారు. రొయ్యల పట్టుబడి అయ్యాక మేత కొట్టు బిల్లు 412 సంచులకి వచ్చింది. యజమాని ఫైలులో 367. సంచి 25 కిలోలు. 45 సంచులంటే 1,125 కిలోల మేత ఎటు పోయిందో లెక్క లేదు. యజమాని ఏమీ అనలేదు కానీ గుమాస్తా వైపు చూడటం మానేశారు.

ఆ అబ్బాయి నా ముందు ఫోన్ పెట్టి, “సార్, నేను రోజూ రాస్తానే ఉండా. ఆయనకి ఎందుకు కనపడలా?” అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు.

అతని ఫైలు కంప్యూటర్లో తెరిచి వెర్షన్ హిస్టరీ చూపించాను. ఫైలులో ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకి ఏం మార్చారో అందులో ఉంటుంది. ‘ఫైల్’ మెనూలో దొరుకుతుంది. నేనైతే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కుతాను. తెల్లవారుజామున ఒకటి, సాయంత్రం ఒకటి, ప్రతిరోజూ అతని పేరుతో వరసలు కనపడ్డాయి. మేత మొత్తం 412 సంచులు. యజమాని చాలాసేపు తెర వైపే చూసి, “ఇంతకాలం నేను చూసింది ఏంది మరి?” అన్నారు. ఆయన చూసింది మొదట్లో తీసిన ఫోటో.

వెర్షన్ హిస్టరీ ఇంత పని చేస్తుంది. కానీ అది ఒరిజినల్ ఫైలుకే ఉంటుంది. ‘మేక్ ఎ కాపీ’ చేస్తే పాత చరిత్ర కొత్తదానిలోకి రాదు. బయటికి తీసిన ఎక్సెల్ ఫైలుతోనూ రాదు. ఇంకొకటి, దాన్ని చూడాలంటే ఎడిటర్ (ఫైలులో మార్చే అనుమతి ఉన్నవాళ్ళు) అయి ఉండాలి. ఒక్క గడి సంగతే కావాలంటే, ఆ గడి మీద రైట్ క్లిక్ చేసి ‘షో ఎడిట్ హిస్టరీ’ నొక్కండి.

ఇద్దరూ ఒకే ఫైలులో ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది? పేరు చూసి నమ్మొద్దు. కంప్యూటర్ ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఒకే రకం ఫైళ్ళు రెండు ఉండనివ్వదు, రెండోదాని పేరు కొంచెమైనా మారాల్సిందే. షీట్స్ ఫైళ్ళు దాచి ఉండే గూగుల్ డ్రైవ్ అలా కాదు. ‘మేత లెక్క’ అనే పేరుతో ఒకే ఫోల్డర్‌లో మూడు ఫైళ్ళున్నా ఊరుకుంటుంది. చూడాల్సింది లింకులో. ఏటవాలు గీతల (/) మధ్య ఒంటరిగా ‘డి’ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. దాని తర్వాత అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరస ఒకటి వస్తుంది. ఆ ఫైలుకి గుర్తింపు అదే. ఇద్దరి ఫోన్లలో ఆ వరస మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కలిస్తే ఫైలు ఒకటే. కలవకపోతే పేరు ఏదైనా కానీ అవి రెండు ఫైళ్ళు. ఇక వాట్సాప్‌లో వచ్చినదానికి లింకు బదులు ఫైలు సైజు కేబీల్లో కనపడితే, అది కాపీయే.

మరి ‘సెండ్ ఎ కాపీ’ ఎందుకు పెట్టారు? దానికీ చోటు ఉంది. ఆడిటర్‌కి మార్చి నెలాఖరు లెక్క ఇవ్వాలి, అది ఇక కదలకూడదు. అప్పుడు పీడీఎఫ్ పంపండి. ‘మేక్ ఎ కాపీ’ నేను నెలకోసారి వాడతాను, కొత్త నెల షీట్ కోసం. పేరు మాత్రం వెంటనే మార్చేస్తాను, సంవత్సరం ముందు, నెల తర్వాత: ‘2025-07 ఖర్చులు’. అప్పుడు వరస దానంతట అదే కుదురుతుంది.

వ్యూయర్ (చూడటమే), కామెంటర్ (పక్కన వ్యాఖ్య రాయడం), ఎడిటర్ (మార్చడం) అనే మాటలు పోయినసారే చెప్పాను. ఒక్క ఉదాహరణ చాలు. ఊరి తిరునాళ్ల చందాల షీట్ అనుకోండి. గ్రూపులో 200 మందికి వ్యూయర్, డబ్బు తీసుకునే ఇద్దరికి ఎడిటర్. ఊరంతటికీ లింకుతో ఎడిటర్ ఇస్తే, సైన్ ఇన్ కానివాళ్ళు అనానిమస్‌గా వస్తారు. ఎవరి పేరు పక్కన ఏ అంకె మార్చారో చెప్పలేం.

స్టోరేజ్: ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి అంతే. షేర్ అయిన ఫైలు ఓనర్ ఖాతాలోనే లెక్కకొస్తుంది. ట్రాష్‌లో వేసింది 30 రోజులకి దానంతట అదే పోతుంది. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్ళకి డ్రైవ్ బదులు వన్‌డ్రైవ్ ఉంటుంది. ఉచితంగా 5 జీబీ ఇచ్చేది సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాకి. మాటలు కొద్దిగా మారినా లింకుకీ కాపీకీ తేడా అక్కడా ఇదే.

ఇక అభ్యాసం. ఈసారి ఒక్కరే చేసేది కాదు, ఇద్దరు కావాలి. మీ భార్యో, తమ్ముడో, కొట్టులో పనిచేసే అబ్బాయో ఎవరైనా సరే. వారం రోజులు పడుతుంది.

కంప్యూటర్లో బ్రౌజర్ చిరునామా గడిలో షీట్స్ డాట్ న్యూ అని ఇంగ్లీషులో కొట్టండి, కొత్త షీట్ నేరుగా తెరుచుకుంటుంది. పాల లెక్కో, పెట్రోలు లెక్కో పెట్టుకోండి. రెండోవాళ్ళ ఈమెయిల్‌ని ఎడిటర్‌గా చేర్చండి. రోజూ ఇద్దరూ చెరొక వరస రాయాలి, ఎవరి ఫోన్లో వాళ్ళు. మూడోరోజు ఒకరు కావాలని ఒక నిలువు వరస మొత్తం చెరిపేయండి. రెండోవాళ్ళు వెర్షన్ హిస్టరీలోకి వెళ్ళి ముందురోజు స్థితికి తేవాలి. అయిదోరోజు ‘మేక్ ఎ కాపీ’ ఒకటి, ‘సెండ్ ఎ కాపీ’ ఒకటి చేసి పక్కన పెట్టండి. ఆరు, ఏడు రోజుల్లో అసలు షీట్‌లో మాత్రమే రాయండి. ఏడోరోజు రాత్రి మూడింటినీ తెరిచి, ఏ దాంట్లో ఎన్ని వరసలున్నాయో కాగితం మీద రాసుకోండి. అసలు షీట్, కాపీ రెండింటి లింకుల్లోని ఆరేసి అక్షరాలు కూడా పక్కనే రాయండి.

ఆ కాగితం ఫోటో, అసలు షీట్ లింకు రెండూ నాకు పంపండి. నన్ను కామెంటర్‌గా చేర్చండి, తప్పులుంటే గడి పక్కనే రాస్తాను. ఎక్సెల్ ఫైలు పంపినవాళ్ళకి మాత్రం తిరిగి పంపుతాను, మళ్ళీ లింకు వచ్చేదాకా.