డబుల్ గ్లేజ్డ్ ఫ్రెంచ్ డోర్లు: కొనేముందు ఏం చూడాలి, ఏం అడగాలి

నడుమ నిలువు కమ్మీ లేకుండా రెండు గాజు రెక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని మూసుకుంటే అది ఫ్రెంచ్ డోర్. రెక్కలోని గాజు, నడుమ ఖాళీ ఉంచి అంచులు సీలు చేసిన రెండు పలకల యూనిట్ అయితే అది డబుల్ గ్లేజ్డ్. రెండూ తెరిస్తే గుమ్మం మొత్తం ఖాళీ. అందం అక్కడే ఉంది, చిక్కులూ అక్కడి నుంచే వస్తాయి. బరువైన గాజును ఒక పక్క హింజ్‌లే మోయాలి. గాలి, వాన, దొంగ ముగ్గురూ ముందు వెతికేది రెక్కలు కలిసే చోటునే. అందుకే గాజు ఎంత గొప్పదో అడిగే ముందు ఆ బరువును ఏది మోస్తుంది, ఆ కలయికను ఏది బిగిస్తుంది అని అడగాలి.

ముందు వెడల్పు సంగతి. రోజూ వాడేది ఒక్క రెక్కే. రెండోది గడియ వేసి ఉంటుంది. 1500 మి.మీ. గుమ్మంలో సమానమైన రెక్కలు పెడితే, చట్రం మందం పోను ఒక్క రెక్క తెరిచినప్పుడు దొరికే దారి 600 మి.మీ. పైచిలుకే. పళ్లెం పట్టుకుని, బట్టల బుట్ట ఎత్తుకుని అందులోంచి వెళ్లడం ఇరుకు. గుమ్మం ఇంతకంటే పెంచలేకపోతే ఒక రెక్కను పెద్దదిగా, రెండోదాన్ని చిన్నదిగా చేయించుకోండి. చూపుకు కాస్త తేడా కనిపించినా రోజువారీ వాడకానికి అదే మేలు.

బయటికి తెరుచుకునే తలుపైతే గదిలో చోటు మిగులుతుంది, గాలి తోసేకొద్దీ రెక్క చట్రం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (గాస్కెట్) మీద ఇంకా బిగుసుకుంటుంది. కానీ హింజ్‌లు బయట పడతాయి కాబట్టి, పిన్ను లాగినా రెక్క ఊడిరాని రకం ఉండాలి. తెరిచిన రెక్కను గాలి విసిరి కొట్టకుండా ఆపే స్టే కూడా ఉండాలి. లోపలికి తెరుచుకునే తలుపుకు దోమతెర బయట పెట్టుకోవచ్చు. అయితే దాని గడప దగ్గర వాననీటిని ఆపడం కష్టం, పైన చూరు లేని గోడకు అది సరిపడదు.

ఇక బరువు. లెక్క తేలికే: గాజు మందం మిల్లీమీటర్లలో, వైశాల్యం చదరపు మీటర్లలో తీసుకుని రెంటినీ గుణించి, మళ్లీ 2.5తో గుణిస్తే కిలోలు వస్తాయి. 0.8 × 2.0 మీటర్ల గాజుకు రెండు 4 మి.మీ. పలకలు వేస్తే 32 కిలోలు, రెండు 6 మి.మీ. పలకలు వేస్తే 48 కిలోలు. చట్రం బరువు అదనం. రెక్కకు కనీసం మూడు హింజ్‌లు అడగండి, అవి ఎంత బరువుకు తయారైనవో రాయించుకోండి. పైకీ కిందికీ, పక్కకూ సవరించుకునే వీలున్న హింజ్‌లైతే తర్వాత ఎంతో శ్రమ తప్పుతుంది.

కొన్నాళ్లకు రెక్క కిందికి జారి గడపను రాసుకుంటుంటే చాలామంది హింజ్‌ను తిడతారు. చాలాసార్లు అసలు తప్పు గాజు బిగింపులో ఉంటుంది. చట్రంలో గాజు చుట్టూ ప్లాస్టిక్ బిళ్లలు పెడతారు. హింజ్ వైపు కింది మూలలోనూ, దానికి ఎదురుగా తాళం వైపు పై మూలలోనూ అవి బిగువుగా ఉండాలి. అప్పుడు గాజే ఏటవాలు దన్నుగా నిలిచి రెక్కను చదరంగా పట్టి ఉంచుతుంది. ఆ బిళ్లలు వదులైతే రెక్క ఒరుగుతుంది. అలాంటప్పుడు అంచు చెక్కించవద్దు, బిళ్లలు సరిగ్గా పెట్టించండి.

గాజు వేడిని ఆపే విషయంలో పలకల మందం కంటే వాటి మధ్య ఖాళీ ముఖ్యం. 6 మి.మీ. ఖాళీతో ఫలితం తక్కువ. 16 మి.మీ. దగ్గర మంచి ఫలితం వస్తుంది. 20 దాటితే లోపలి గాలి సుడి తిరిగి వేడిని మోసుకుపోతుంది కనుక లాభం ఉండదు. వేడి ఎంత దాటిపోతుందో చెప్పే అంకె యూ-విలువ, అది తక్కువ ఉంటే మేలు. ఒంటి గాజుకు దాదాపు 5.7, మామూలు డబుల్ గ్లేజింగ్‌కు 2.8 దగ్గర, వేడిని వెనక్కి తిప్పికొట్టే పలుచని లో-ఈ పూతా, ఖాళీలో నింపిన ఆర్గాన్ వాయువూ ఉన్న 16 మి.మీ. ఖాళీ యూనిట్‌కు 1.1 దగ్గర. అమ్మేవాళ్లు ఎక్కువగా గాజు మధ్య భాగపు అంకెనే చెబుతారు. మీకు కావాల్సింది చట్రంతో కలిపి మొత్తం తలుపుది, అది ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

ఎండ బాధ ఎక్కువైన చోట యూ-విలువ ఒక్కటే చాలదు, ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే జీ-విలువా అడగాలి. గాజు ముఖాలను బయటి నుంచి 1, 2, 3, 4 అని లెక్కిస్తారు. ఎండను ఆపాలంటే పూత 2వ ముఖం మీద, గది వెచ్చదనాన్ని నిలుపుకోవాలంటే 3వ ముఖం మీద వేస్తారు. పూత నిజంగా ఉందా అన్న అనుమానమొస్తే చీకట్లో గాజు ముందు లైటర్ వెలిగించండి. నాలుగు మంట ప్రతిబింబాలు కనిపిస్తాయి, పూత ఉన్న ముఖం మీది ప్రతిబింబం రంగు వేరుగా ఉంటుంది.

తలుపు గాజు టఫెన్డ్ (కాల్చి గట్టిపరిచినది) గానీ లామినేటెడ్ (నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది) గానీ అయి తీరాలి, ఇందులో రాజీ వద్దు. టఫెన్డ్ పగిలితే చిన్న ముక్కలై రాలిపోతుంది. లామినేటెడ్ పగిలినా పొరకు అంటుకుని నిలబడుతుంది, కాబట్టి దొంగ భయం ఉన్నచోట ఒక పలకైనా అదే పెట్టించండి. టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయలేరు. కొలత తప్పితే కొత్తది తెప్పించాల్సిందే. వీధి రొద ఎక్కువైతే రెండు పలకలూ ఒకే మందం కాకుండా 6, 4 మి.మీ.గా మార్చండి, ఒకే రకం ధ్వనికి రెండూ కలిసి కంపించవు.

చట్రానికి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) అయితే లోపల ఉక్కు పట్టీ ఉందో లేదో, అల్యూమినియం అయితే లోపలి, బయటి భాగాల మధ్య వేడిని ఆపే పాలిమైడ్ అనే ప్లాస్టిక్ పట్టీ ఉందో లేదో చూడండి. ఆ పట్టీ లేని అల్యూమినియంలో ఎంత మంచి గాజు పెట్టినా చలికాలం చట్రం మీద నీళ్లు కారతాయి. చెక్కైతే రెక్క అడుగు అంచుకు కూడా రంగు పట్టాలి. చెమ్మ ఎక్కేది అక్కడి నుంచే.

తాళం పైన, నడుమ, కింద పట్టే మల్టీపాయింట్ రకం తీసుకోండి. రెండో రెక్క గడియలు చట్రంలోకీ గడపలోకీ లోతుగా దిగాలి. అవి బలహీనమైతే మొదటి రెక్క తాళం ఎంత మంచిదైనా వృథా, ఎందుకంటే అది పట్టుకునేది రెండో రెక్కనే.

కొలతలు వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల తీసి, చిన్నదాన్ని పట్టుకుని 10 మి.మీ. తగ్గించండి. మూల నుంచి మూలకు రెండు ఏటవాలు కొలతలూ సరిపోల్చండి. తేడా ఎక్కువుంటే ముందు గుమ్మం సరిచేయించాలి. గడప రసమట్టానికి సరిగ్గా కూర్చోవాలి. చట్రాన్ని మూలల నుంచి 150 మి.మీ. లోపల మొదలుపెట్టి, 600 మి.మీ.కు మించని ఎడంతో స్క్రూలతో గోడకు బిగించాలి. చట్రం చుట్టూ కొట్టే నురుగు (ఫోమ్) సందు నింపుతుందే తప్ప తలుపును మోయదు. గాజు అంచుకు తగిలేచోట పుల్లటి వాసన వచ్చే సిలికోన్ వాడనివ్వకండి, అది యూనిట్ సీలును తినేస్తుంది. న్యూట్రల్ రకం వాడాలి.

బిగించాక డబ్బు చెల్లించే ముందు గడప కాలువలో ఒక చెంబెడు నీళ్లు పోయండి. అవి రంధ్రాల గుండా బయటికే పోవాలి. రెక్కకు, చట్రానికి మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, చుట్టూ ఒకే బిగువు తగలాలి. తర్వాతి రోజుల్లో గాజుకు గదివైపు తేమ పడితే అది గదిలోని చెమ్మ. తెల్లవారుజామున బయటివైపు మంచు పట్టిందంటే గాజు వేడిని బాగా ఆపుతోందని గుర్తు. రెండు పలకల మధ్య మసక వస్తే మాత్రం సీలు పోయినట్టే. తుడిస్తే పోదు, రంధ్రం చేసి ఆరబెట్టినా పోయిన ఆర్గాన్ తిరిగి రాదు. చట్రాన్ని అలాగే ఉంచి గాజు యూనిట్ మార్చుకోవాలి. అందుకే వారంటీ కాగితంలో సీలు కాలపరిమితిని విడిగా రాయించుకోండి.