పడవలో సీసా మూత రావట్లేదా? ఓపెనర్ని కాదు, మూత అంచుని చూడండి

అమెరికాలోని మేరీలాండ్‌లో ఉంటాను, అక్కడి చీసపీక్ బే అనే సముద్రపు పాయలో 22 అడుగుల తెరచాప పడవ నడుపుతాను. వారాంతాల్లో మనవాళ్లు ఎవరో ఒకరు ఎక్కుతారు. కూల్ డ్రింక్ తీసే దగ్గర ఏదో ఒక తంటా వస్తుంది. అందరూ ఓపెనర్ని తిట్టేవాళ్లే, చేతిలో ఉన్న సీసాని తేరిపార చూసేవాళ్లు లేరు.

సమస్య: తీయగానే పొంగి సగం పోయింది

కుదుపు కంటే వేడిది పెద్ద పాత్ర. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లు పట్టి ఉంచే గ్యాస్‌లో 25 డిగ్రీల దగ్గర సగం కూడా నిలవదు. ఐస్ మీద పడుకోబెడితే చాలదు. ఐస్ బాక్స్‌లో నీళ్లు కూడా పోసి, మెడ దాకా మునిగేలా సీసాని నిలబెట్టి అరగంట వదిలేయండి. లంగరు వేశాక తీయండి.

సమస్య: చేత్తో తిప్పితే అరచెయ్యి తెగింది

తిప్పితే వచ్చే రేకు మూతా, ఓపెనర్ కావాల్సిన మూతా ఒకేలా ఉంటాయి. మెక్సికో కోక్ గాజు సీసాలకి ఓపెనరే కావాలి. తిప్పమని మూత మీద రాసి ఉంటేనే తిప్పండి.

సమస్య: ఓపెనర్ జారుతోంది, మూత చిరుగుతోంది, సీసా మూతి పెచ్చు ఊడింది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రెండు ఓపెనర్లు మార్చాను. ఒకసారి మూత ఊడొచ్చాక సీసా మూతి మీద గోరంత పెచ్చు లేదు. వెతికితే డ్రింక్ అడుగున మెరుస్తూ కనిపించింది. ఆ సీసా అందుకోవడానికి పక్కనే ఒక చిన్నపిల్ల చెయ్యి చాపి ఉంది.

అసలు కారణం తుప్పు. మూత పైభాగానికి రంగు ఉంటుంది, మెరుస్తూనే ఉంటుంది. పళ్ల అంచు మాత్రం కోసిన ఇనుము, దానికి ఏ పూతా ఉండదు. తుప్పు అక్కడ మొదలై లోపలికి పాకి, ఉబ్బి, గాజుని పట్టేస్తుంది. ఓపెనర్ ఎత్తితే మూత వంగదు, పన్ను చిరుగుతుంది, ఆ బలమంతా గాజు మీద పడుతుంది. గోలీసోడాకి ఈ బాధ లేదు, దాన్ని మూసేవి గోలీ, రబ్బరు రింగే, ఇనుము ఉండదు.

తుప్పు ఎలా పడుతోందో చాలాకాలం అంతుపట్టలేదు. చల్లగా ఉంటాయని సీసాలని పడవ అడుగున, పలకల కింద నిలబెట్టేవాణ్ణి. అక్కడ నీళ్లు అంగుళం కూడా ఉండవు, మూతలు చాలా పైన ఉంటాయి. కానీ పాడయ్యేవి ఎప్పుడూ అంచు వరస సీసాలే. గాలికి పడవ ఒక పక్కకి వాలినప్పుడు ఆ అంగుళం నీళ్లే గోడ వెంట ఎగబాకి మూతలని తడిపేవి. రేవులో కట్టేసి ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూసినా తెలియదు. ఇక్కడి నీళ్లు సముద్రమంత ఉప్పు కాకపోయినా తుప్పుకి ఆ మాత్రం చాలు.

పరిష్కారం: అడుగు నీళ్లు స్పాంజితో పిండేయండి. సీసాలని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

అప్పటికే తుప్పు పట్టిందా? కూర్చుని, సీసాని రెండు పాదాల మధ్య నేలకి ఆనించండి. మూతకి 21 పళ్లుంటాయి. ఒకే పన్ను మీద బలం పెట్టకుండా, కొంచెం ఎత్తి, సీసా తిప్పి, మళ్లీ కొంచెం ఎత్తండి. అయిదారు చోట్ల వదులైతే అదే వస్తుంది. విన్చ్ (తెరచాప తాళ్లు బిగించే డ్రమ్ము) అంచుకి కొట్టి తీయొద్దు. తీశాక మూతిని తడిగుడ్డతో తుడిచి వెలుతురుకి పెట్టి చూడండి. పెచ్చు లేచి ఉంటే వడకట్టి తాగాలని చూడకండి. డ్రింక్ పారబోసి, సీసాని ఒడ్డుకి తెచ్చి చెత్తలో వేయండి.

ఫ్యాక్టరీలో మూత వంకరగా పడటం, సీసా గడ్డకట్టి పగలడం లాంటివి అరుదు. వాటి గురించి బుర్ర పాడుచేసుకోకండి.