బోన్సాయ్ నేర్చుకుందాం – 6వ భాగం: కుండీ ఎప్పుడు మార్చాలి?

క్రితం పాఠంలో నీళ్లు పోయడం గురించి చెబుతూ, పోసిన నీళ్లు ఎంతసేపట్లో మట్టిలోకి దిగుతున్నాయో ఓ కంట కనిపెట్టమన్నాను. అది ఈ పాఠం కోసమే. కుండీ మార్చడమంటే చెట్టుని బయటికి తీసి, వేర్లు కొంత కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టడం. ఆ సమయం దగ్గరపడితే ఆకుల కంటే ముందు నీళ్లలో తేడా కనిపిస్తుంది.

మట్టి బాగున్న కుండీలో నీళ్లు పైన ఒక్క క్షణం మెరిసి లోపలికి జారిపోతాయి. కాసేపట్లోనే అడుగు చిల్లుల్లోంచి కారతాయి. ఏడాదో రెండేళ్లో పోయాక అదే కుండీలో నీళ్లు పైనే నిలబడతాయి, కొన్ని అంచు దాటి పొర్లిపోతాయి. దీనికి కారణాలు రెండు. వేర్లు పెరిగి మట్టి రేణువుల మధ్య ఉన్న సందులన్నీ ఆక్రమించేస్తాయి. రేణువులు కూడా చితికి మెత్తటి బురదలా మారతాయి. జపాన్ నుంచి వచ్చే అకడామా మట్టి కూడా రెండు మూడేళ్లలో ఇలా చితుకుతుంది. ఆ సందులు నీళ్లు పోవడానికే కాదు, వేర్లకు గాలి అందడానికి కూడా. అవి మూసుకుపోతే వేర్లు ఊపిరాడక కుళ్లడం మొదలవుతుంది.

ఇందులో ఒక మోసం ఉంది, నేనూ పడ్డాను. నా ఫైకస్ (మర్రి జాతి చెట్టు) కుండీలో నీళ్లు ఇట్టే దిగిపోయేవి, కింద ధారగా కారేవి. ఇంకేం, భేషుగ్గా ఉందనుకున్నాను. ఆకులు పసుపు పచ్చబడి రాలుతుంటే నీళ్లు చాలట్లేదేమోనని ఇంకా పోశాను. చివరికి బయటికి తీసి చూస్తే వేర్ల ముద్ద నడిమధ్య ఎండి గట్టిపడిపోయి ఉంది. నీళ్లన్నీ ముద్దకీ కుండీ గోడకీ మధ్య సందులోంచి జారిపోయాయన్నమాట. ఆ రోజు నుంచి రెండు పనులు చేస్తున్నాను. నీళ్లు పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కుండీని ఎత్తి చూస్తాను. బరువులో తేడా పెద్దగా తెలియకపోతే నీళ్లు లోపలికి వెళ్లనట్టే. తర్వాత ఒక చెక్క చాప్‌స్టిక్‌ను కాండానికి కాస్త ఎడంగా గుచ్చి, పది నిమిషాలాగి తీస్తాను. పైన తడి, కింద పొడి ఉంటే సంగతి తెలిసిపోతుంది. అసలు పుల్లే దిగకపోతే ఇక చెప్పేదేముంది.

మిగతా గుర్తులు ఇంత నమ్మకమైనవి కావు. చెట్టు కుండీలోంచి కొద్దికొద్దిగా పైకి లేచి మట్టి అంచు కంటే ఎత్తుకి రావడం మాత్రం గట్టి గుర్తే. అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని చెట్టుని పైకి తోస్తున్నాయని దానర్థం. అడుగు చిల్లులోంచి ఒకటో రెండో సన్నటి వేర్లు తొంగిచూస్తే కంగారు పడకండి. వేరు చిల్లు వైపు వెళ్లడం మామూలే. ఆకులు పసుపు పచ్చబడటానికి సవాలక్ష కారణాలు. ఇక ఆకులు చిన్నవైపోతే కొత్తవాళ్లు సంబరపడతారు, బోన్సాయ్‌కి కావాల్సింది చిన్న ఆకులే కదా అని. చిన్న ఆకులతో పాటు కొత్త కొమ్మలు కూడా బొత్తిగా సాగకపోతే అది అందం కాదు, ఆకలి.

అనుమానం వచ్చాక తేల్చుకోవాలంటే ఒకటే దారి, వేర్లను కళ్లారా చూడటం. మట్టి మరీ తడిగా లేనప్పుడు చేయండి. చెట్టుని కుండీకి బిగించిన తీగను అడుగునుంచి కత్తిరించండి. సన్నటి కత్తిని గోడ వెంబడి చుట్టూ తిప్పండి. ఒక చేత్తో కుండీని ఒత్తిపట్టి, ఇంకో చేత్తో కాండం మొదలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. కొమ్మలు పట్టుకుని లాగొద్దు. కదలగానే ఒక పక్కకి వంచి కింద చూడండి.

మట్టి పొలపొలా రాలిపోయి వేర్లు అక్కడక్కడే ఉంటే, తిరిగి పెట్టేయండి, ఇంకా టైముంది. ముద్ద కుండీ ఆకారంలో నిలబడి, అంచుల్లో తెల్లటి వేరు కొనలు, వాటి మధ్య మట్టి కూడా కనిపిస్తుంటే చెట్టు మంచి స్థితిలో ఉంది. దాన్ని కదపొద్దు, వచ్చే ఏడాది మళ్లీ చూడండి. మట్టన్నదే కనిపించకుండా వేర్లు కొబ్బరిపీచు పట్టాలా అల్లుకుని, కుండీ గోడ వెంబడి చుట్లు తిరిగి ఉంటే మార్చాల్సిందే.

రంగు చూసి భయపడకండి, నొక్కి చూడండి. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు మెత్తబడి, లాగితే పైపొర తొడుగులా ఊడొస్తుంది, వాసన కూడా వేస్తుంది. పెర్సిమన్ లాంటి చెట్లకు ఆరోగ్యకరమైన వేర్లే నల్లగా ఉంటాయి. పైన్ చెట్టు వేర్ల మధ్య తెల్లటి బూజులాంటిది కనిపిస్తే కడిగేయకండి. అది వేర్లకు సాయపడే శిలీంధ్రం. పైన్‌కి కుండీ మార్చినా పాత మట్టి కొంత అలాగే ఉంచేది అందుకే.

మార్చాలని తేలింది. మరి ఇప్పుడే మార్చాలా? ఇది వేరే ప్రశ్న, చాలామంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. ఆకురాల్చే చెట్లయితే చలి తగ్గుతున్నప్పుడు, మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోనప్పుడు మార్చాలి. మేపుల్‌ని రోజూ గమనిస్తే మొనదేలిన చిన్న మొగ్గ లావెక్కి, పొలుసులు కాస్త విడి, లోపలి లేతరంగు గీతలా కనిపించే రోజులు కొన్ని ఉంటాయి. అప్పటికి చెట్టు దాచుకున్న శక్తంతా చేతిలో ఉంటుంది, నీటిని ఆవిరి చేసే ఆకులు ఇంకా రాలేదు. ఆకులు విచ్చి లేతగా ఉన్నప్పుడు వేర్లు కత్తిరిస్తే ఆకుకి నీళ్లందవు, వడలిపోతుంది. పైన్, జునిపర్‌లకు కూడా వసంతం మొదట్లోనే చేస్తారు. ఫైకస్ లాంటి ఉష్ణమండల చెట్ల లెక్క వేరు. రాత్రిళ్లు కూడా వెచ్చగా ఉండి, చెట్టు జోరుగా పెరుగుతున్నప్పుడే వాటిని ముట్టుకోవాలి.

అదను రాకముందే గుర్తులు కనిపిస్తే? చాప్‌స్టిక్‌తో మట్టిలో అక్కడక్కడ నిలువుగా చిల్లులు చేసి, వాటిలో కొత్త మట్టి రేణువులు పోయండి. ముద్ద మధ్య ఎండిపోతుంటే, కుండీని నీళ్ల తొట్టిలో మట్టి మునిగేదాకా దించి, బుడగలు ఆగాక తీయండి. నెలల తరబడి ఇలా నెట్టుకురావచ్చు. వేర్లు కుళ్లుతుంటే మాత్రం అదను కోసం ఆగలేం. అప్పుడైనా బాగున్న వేర్లు కత్తిరించకుండా, కుళ్లినవి తీసేసి, చెట్టుని పెద్ద కుండీలో పెట్టి చుట్టూ గుల్ల మట్టి నింపాలి. నీరసంగా ఉన్న చెట్టుకి వేర్లు కత్తిరించడమంటే, జ్వరంతో ఉన్నవాడిని పరుగు పందేనికి పంపినట్టే.

లేత చెట్టుకి ఏడాది, రెండేళ్లు, నడివయసు చెట్టుకి రెండు మూడేళ్లు, ముదురు పైన్‌కి ఐదేళ్లు లేదా అంతకంటే ఎక్కువ అని లెక్కలు చెబుతారు. ఆ లెక్క వచ్చినప్పుడు వేర్లు తీసి చూడండి, అంతే. లెక్క వచ్చింది కదా అని మార్చేయొద్దు. నా మటుకు నేను, ఆలస్యం కంటే తొందరే ఎక్కువ చెట్లను చెడగొడుతుందంటాను. కొత్త మట్టిలో పడ్డ చెట్టు కోలుకోగానే ఒక్కసారిగా జోరందుకుని, కణుపుల మధ్య దూరం పెంచి, పెద్ద ఆకులేస్తుంది. కాండం ఇంకా లావెక్కాల్సిన లేత చెట్టుకి అది మేలే. ఏళ్లు కష్టపడి సన్నటి రెమ్మలు తెచ్చుకున్న చెట్టుకి అదే చేటు. కాస్త బిగువుగా ఉన్న కుండీయే దాని రెమ్మల్ని సన్నగా ఉంచుతుంది.

అలాగని అసలు కత్తెరే పెట్టకూడదని కాదు. వాషింగ్టన్‌లోని నేషనల్ బోన్సాయ్ అండ్ పెన్‌జింగ్ (చైనా వాళ్ల కుండీ చెట్ల కళ) మ్యూజియంలో 1625 నుంచి పెంచుతూ వచ్చిన ఒక తెల్ల పైన్ ఉంది. హిరోషిమాలో అణుబాంబు దాడిని తట్టుకుని, 1976లో జపాన్ కానుకగా అక్కడికి చేరింది. దాదాపు 400 ఏళ్ల చెట్టు కుండీలో బతికుందంటే దాని వేర్లని ఎన్నిసార్లు కొత్తగా తెప్పించి ఉంటారో ఊహించుకోండి.

కొత్తగా కొన్న చెట్టు గురించి ఒక మాట. కొన్నిటికి పైన గులకరాళ్లు జిగురుతో అంటించి అమ్ముతారు. ముందు వాటిని పెకలించేయండి, లేకపోతే నీళ్లు ఎలా దిగుతున్నాయో మీకు తెలిసే దారే లేదు.

ఈసారి ఇంటిపని: మీ చెట్లన్నిటికీ నీళ్లు పోసి, పైన నిలిచిన నీరు మాయమవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసి పెట్టుకోండి. వారం వారం నెలపాటు రాయండి. సంఖ్య పెరుగుతూ పోయిన కుండీని, లేదా నీళ్లు పోసినా బరువెక్కని కుండీని, పైన చెప్పినట్టు తీసి చూడండి. వచ్చే భాగంలో వేర్లు విప్పడం, కత్తిరించడం. అప్పటిదాకా వేర్లు పట్టాలా అల్లుకుని కనిపించినా సరే, కత్తెర తీయకుండా చెట్టుని తిరిగి కుండీలో పెట్టి, కదలకుండా తీగతో బిగించండి.